గ్రేడ్ 4 కారు, చచ్చిన వెనక రోటర్: జపాన్ వేలంలో కొన్న ఆర్ఎక్స్-7 కేసు

కారు టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవులో దిగి, ట్రక్కు మీద ఫ్రిస్కో చేరిన మూడో రోజున కంప్రెషన్, అంటే ఇంజన్ లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో, కొలిచారు. దీనిది రోటరీ ఇంజన్: పిస్టన్లకు బదులు ముందొకటి, వెనకొకటి ముక్కోణపు రోటర్లు తిరుగుతాయి, ఒక్కో రోటర్ చుట్టూ మూడు ఛాంబర్లు. ముందు రోటర్‌లో 7.3, 7.1, 7.2. వెనక రోటర్‌లో 7.0, 4.6, 4.4. ఇవి చదరపు సెంటీమీటరుకు కిలోల్లో, ఇంజన్‌ను సెల్ఫ్ మీద 250 ఆర్‌పీఎం తిప్పినప్పుడు వచ్చిన అంకెలు. ఈ కారులో ఉండే 13బీ ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే 8 పైన రావాలి. 7 కిందకి జారితే ఓవర్‌హాల్ దగ్గరపడినట్టు. ఒకే రోటర్‌లోని మూడు ఛాంబర్ల మధ్య తేడా 1.5 దాటితే ఇక ఆలోచించడానికేమీ లేదు, ఇంజన్ దింపాల్సిందే.

ఇదే కారుకు జపాన్ వేలం కాగితం మీద గ్రేడ్ 4 ఉంది. కాగితం అబద్ధం చెప్పలేదు. దాన్ని చదివినవాళ్లు దాంట్లో లేనిది ఊహించుకున్నారు, ఉన్నది వదిలేశారు. అమెరికాలో మనవాళ్లు చాలామంది ఇప్పుడు స్కైలైన్లు, సుప్రాలు, ఆర్ఎక్స్-7లు జపాన్ నుంచి తెప్పించుకుంటున్నారు. ఈ కారు ఎక్కడెక్కడ చేజారిందో వాళ్లు వివరంగా తెలుసుకోవాలి.

కారు సంగతి

మాజ్దా ఆర్ఎక్స్-7, ఎఫ్‌డీ3ఎస్ (పొట్టిగా ఎఫ్‌డీ) తరం, 1999లో మొదలైన సిరీస్ 8. 1308 సీసీ ట్విన్ రోటర్ 13బీ-ఆర్ఈడబ్ల్యూ ఇంజన్, రెండు టర్బోలు ఒకదాని తర్వాత ఒకటి అందుకునే సీక్వెన్షియల్ అమరిక, అప్పటి జపాన్ తయారీదారుల ఒప్పందం ప్రకారం 280 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్). మీటరు మీద 86 వేల కిలోమీటర్లు. మొదటి రిజిస్ట్రేషన్ హైసెయ్ 11, జూన్. హైసెయ్ సంవత్సరానికి 1988 కలిపితే మన లెక్క వస్తుంది, అంటే 1999.

పాట 2024 అక్టోబరులో జరిగింది. కొన్నది టెక్సస్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఒక ఎగుమతి ఏజెంటు ద్వారా. జపాన్ వేలాల్లో సభ్యులే పాడాలి, బయటివాళ్లకు ఏజెంటు తప్పదు. చీబా జిల్లా నోదాలో గురువారాలు జరిగే యూఎస్ఎస్ టోక్యో లాంటి పెద్ద వేలంలో ఒక్కరోజే వేల కార్లు పాటకు వస్తాయి. ఒక్కో కారు పాట అర నిమిషంలోపే తేలిపోతుంది. టెస్ట్ డ్రైవ్ ఉండదు. ప్లగ్గులు విప్పనివ్వరు. ఇంజన్ స్టార్ట్ చేసి వినొచ్చు, బానెట్ ఎత్తి చూడొచ్చు, కిందకు వంగి టార్చి వేయొచ్చు. అంతే.

గ్రేడ్ దేన్ని కొలుస్తుంది

షుప్పిన్‌హ్యో అనే ఆ వేలం కాగితం మీద పైన కుడివైపు గ్రేడు, ఇంటీరియర్‌కు ఏ నుంచి ఈ దాకా అక్షరం, కింద కారు బొమ్మ మీద గుర్తులు ఉంటాయి. ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే డెంటింగ్ చేసి రంగేసిన అల, ఎస్ అంటే తుప్పు, ఎక్స్ఎక్స్ అంటే ప్యానెల్ మార్చేశారు. పక్కన అంకె పెరిగేకొద్దీ తీవ్రత పెరుగుతుంది. గ్రేడు ఆర్ లేదా ఆర్ఏ అయితే షూఫుకురేకి, అంటే ప్రమాద మరమ్మతు చరిత్ర ఉన్నట్టు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. షూఫుకురేకి కింద లెక్కకొచ్చేవి కారు అస్థిపంజరంలో భాగమైనవే: ఛాసిస్ మెంబర్లు, క్రాస్ మెంబర్, ముందు ఇన్నర్ ప్యానెళ్లు, పిల్లర్లు, డ్యాష్ ప్యానెల్, రూఫ్, ఫ్లోర్, డిక్కీ అడుగు. బోల్టు విప్పి మార్చగలిగిన ఫెండర్, బానెట్, డోర్ ఎన్ని మార్చినా మరమ్మతు చరిత్ర లేనట్టే రాస్తారు. అది మోసం కాదు, వాళ్ల నిర్వచనమే అంత. ఇక ఇంజన్ విషయానికొస్తే, వేలం ఇన్‌స్పెక్టరు దాన్ని స్టార్ట్ చేస్తాడు, పొగ, శబ్దం, ఆయిల్ కారడం చూస్తాడు. కంప్రెషన్ కొలవడు. గ్రేడ్ 4 అనేది రేకు గురించిన మాట. పిస్టన్ ఇంజన్ కార్లలో దీనితో చాలావరకు నెట్టుకురావచ్చు. రోటరీలో కుదరదు, ఎందుకంటే కారు విలువలో పెద్ద ముక్క రోటర్ అంచుల్లోంచి గాలి జారిపోకుండా ఆపే ఆ ఇంజన్ సీళ్లలోనే ఉంది.

ఈ కారు కాగితం మీద ఏముంది

గ్రేడ్ 4, ఇంటీరియర్ సీ. బొమ్మ మీద కుడి ముందు ఫెండర్‌కు ఎక్స్ఎక్స్, ఎడమ వెనక క్వార్టర్‌కు డబ్ల్యూ2, అక్కడక్కడా ఏ1లు. కింద ఇన్‌స్పెక్టరు చేతిరాతలో నాలుగైదు మాటలు. ఏజెంటు వాటి ఇంగ్లిష్ అనువాదం ఇలా పంపాడు: బయటి కంపెనీ చక్రాలు, బయటి కంపెనీ సైలెన్సర్, కొన్ని అదనపు విడిభాగాలు, కింద తుప్పు.

ఆ "కొన్ని అదనపు విడిభాగాలు" అన్న చోట అసలు కాగితంలో ఉన్నవి జపాన్ కతకన లిపిలో నాలుగే అక్షరాలు: బూకోన్. బూస్ట్ కంట్రోలర్‌కు, అంటే టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడిని (బూస్ట్) పెంచే పరికరానికి, అక్కడి వాడుక పొట్టిమాట. జపనీస్ రాని కొనుగోలుదారుకు అది కంటికి కూడా ఆనదు. కారు చరిత్ర మొత్తం ఆ నాలుగు అక్షరాల్లోనే ఉంది.

ఎందుకో చెప్పుకోవాలి. ఫ్యాక్టరీ ఎఫ్‌డీలో బూస్ట్‌కు ఒక ఆకారం ఉంటుంది. పాత సిరీస్‌లో దాన్ని 10-8-10 అంటారు: మొదటి టర్బో 10 పీఎస్ఐ ఇస్తుంది, 4,500 ఆర్‌పీఎం దగ్గర రెండోది అందుకునేటప్పుడు 8కి పడుతుంది, మళ్లీ 10కి లేస్తుంది. సిరీస్‌ను బట్టి అంకెలు కాస్త మారినా ఆకారం అదే. సైలెన్సర్ విశాలమైనది వేసి, బూస్ట్ కంట్రోలర్ పెట్టి, ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్‌ను, ఇంజెక్టర్లను మాత్రం ఫ్యాక్టరీవే ఉంచితే గాలి పెరుగుతుంది, పెట్రోల్ సరిపోదు. మిశ్రమం పలచబడి ఛాంబర్లో నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి పేలడం, మొదలవుతుంది. పిస్టన్ ఇంజన్ దాన్ని కొంతకాలం ఓర్చుకుంటుంది. రోటరీలో రోటర్ మూలన ఉండే 2 మిల్లీమీటర్ల మందం ఎపెక్స్ సీల్ మీద ఒక్క గట్టి దెబ్బ చాలు, అంచు చిట్లుతుంది. చిట్లిన ముక్క బయటికి పోతూ హౌసింగ్ క్రోమ్‌ను గీరుతుంది, ఎగ్జాస్ట్ దారిలో టర్బైన్ రెక్కల్ని తాకుతుంది.

కారు దిగాక ఆ కంట్రోలర్ స్క్రీన్ మీద నిల్వ ఉన్న గరిష్ఠ బూస్ట్ 1.1 బార్, అంటే సుమారు 16 పీఎస్ఐ. ఫ్యాక్టరీ పెట్రోల్ అమరికతో. ఇంజన్ అందుకే పోయింది.

కంప్రెషన్ అంకెల్ని ఎలా చదవాలి

ఒక్కో రోటర్‌కు మూడు ముఖాలు, మూడు ఛాంబర్లు. మామూలు పిస్టన్ గేజిని ప్లగ్ రంధ్రంలో బిగిస్తే లోపలి వాల్వు మూడింటిలో పెద్ద అంకెనే పట్టి ఉంచుతుంది. ఈ కారుకు అలా కొలిస్తే వెనక రోటర్ 7.0 చూపేది, బాగానే ఉందనిపించేది. గేజి పక్కనున్న రిలీజ్ వాల్వు నొక్కి పట్టుకుని ఇంజన్ తిప్పాలి. అప్పుడు ముల్లు మూడు దెబ్బలు కొడుతుంది. మూడూ సమానంగా ఉంటే మంచిది. ఒకటి పెద్దగా, రెండు కుంటుతూ కొడితే ఫోన్లో వీడియో తీసినా తెలిసిపోతుంది. రోటరీ కోసమే చేసిన డిజిటల్ టెస్టరైతే ప్రతి ఛాంబర్‌నూ విడిగా కొలిచి, ఆర్‌పీఎం తేడాను సరిచేసి చెబుతుంది. బ్యాటరీ నీరసంగా ఉండి ఇంజన్ 200 దగ్గర తిరిగితే అంకెలన్నీ కిందికే వస్తాయి, అందుకే ఆర్‌పీఎం చెప్పని కంప్రెషన్ రిపోర్టును నమ్మకూడదు.

ఒకే ఛాంబర్ తక్కువుంటే అనుమానం ఆ ముఖం సైడ్ సీల్ మీదికి పోతుంది. పక్కపక్కనున్న రెండు ఛాంబర్లు తక్కువుంటే ఆ రెండింటికీ ఉమ్మడి గోడ అయిన ఎపెక్స్ సీల్ పోయినట్టు. 4.6, 4.4 అనే జంట అదే చెప్పింది. ఇంజన్ విప్పాక వెనక రోటర్‌లో ఒక ఎపెక్స్ సీల్ మూల వేలిగోరంత చిట్లి ఉంది. హౌసింగ్ మీద వేలితో రాస్తే తగిలేంత గాడి.

మరి వేలం ప్రాంగణంలో ఇది ఎలా దాగింది? ఐడిల్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే వేగం, పెంచేశారు. 750 దగ్గర ఉండాల్సింది 1,100 దాకా ఉంది. అంత వేగంలో కుంటుడు వినబడదు. అక్కడి సిబ్బంది చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసి లైన్లోకి నడిపారు, స్టార్ట్ అయింది. కంప్రెషన్ తగ్గిన రోటరీ గుట్టు బయటపడేది వేడి మీద. బాగా వేడెక్కాక ఆపి, పది నిమిషాలాగి మళ్లీ సెల్ఫ్ కొడితే చాలాసేపు తిరుగుతుంది, ఒక్కోసారి అసలే పట్టుకోదు. పాటకు ముందు ఏజెంటు మనిషిని అడగాల్సినవి ఈ రెండే: ఐడిల్ ఎంతుందో టాకోమీటర్ వీడియో, వేడి మీద రీస్టార్ట్ వీడియో. ఈ కేసులో ఏజెంటు పంపినవి పన్నెండు ఫొటోలు, అన్నీ బాడీవే. తనిఖీకి అదనంగా 15 వేల యెన్ అడిగితే కొన్నాయన వద్దనుకున్నారు.

కింద తుప్పు, మార్చిన ఫెండర్

కాగితం మీద "షితమవారి సబి" అని రాశారంటే కింద తుప్పు ఉందని. హొక్కయిదో, తొహొకు, నీగాతా వైపు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడ తిరిగిన కార్ల అడుగుభాగం వేరే లోకం. ఈ కారు అడుగున నల్లటి రబ్బరు పూత కొత్తగా ఉంది. పాతికేళ్ల కారు కింద నున్నటి కొత్త నల్లపూత కనబడితే సంతోషించకూడదు, జాగ్రత్తపడాలి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోతే వెనక జాక్ పాయింట్ల దగ్గర టంగుమనాల్సిన చోట డొల్ల శబ్దం వచ్చింది. పూత గీకితే రెండు వైపులా అరచేతి వెడల్పు రేకు పొరలు పొరలుగా ఊడింది. కోసి కొత్త రేకు వెల్డ్ చేయాల్సొచ్చింది.

ఫెండర్ మార్చారంటే దాని వెనక ఏముందో చూడాలి: ఫెండర్ బోల్టుల తలల మీద రంగు చిట్లిందా, రేడియేటర్ సపోర్టు సూటిగా ఉందా, రెండు హెడ్‌లైట్లూ ఒకే ఎత్తుకు లేస్తున్నాయా. ఈ కారులో బోల్టులు విప్పి బిగించినట్టే ఉన్నాయి, లోపలి ప్యానెల్ మాత్రం వంగలేదు. ఆ దెబ్బ నిజంగానే చిన్నది, కాగితం చెప్పింది సరిగ్గానే ఉంది. రంగు మందం కొలిచే మీటరు వాడేవాళ్లకు ఒక మాట: ఎఫ్‌డీ బానెట్ అల్యూమినియంది. ఇనుము మీదే పనిచేసే చౌక మీటరు దాని మీద ఏమీ చెప్పదు, రెండు లోహాల మీదా పనిచేసేది కావాలి. ఫ్యాక్టరీ రంగు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. 300 వస్తే మళ్లీ రంగేశారు, 500 దాటితే కింద పుట్టీ ఉంది.

మైలేజీ

మీటరు వెనక్కి తిప్పడం జపాన్‌లోనూ ఉంది. కానీ అక్కడ పట్టుకోవడానికి దారి ఉంది. రెండేళ్లకోసారి జరిగే షాకెన్ అనే ప్రభుత్వ తనిఖీలో మీటరు రీడింగు సర్టిఫికెట్ మీద నమోదవుతుంది, 2004 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. ఎగుమతికి రద్దు చేసే ముందు ఆ పాత షాకెన్ కాగితం ఫొటో తీసి పంపమని ఏజెంటును అడగాలి. ఒకసారి రద్దయ్యాక అది మీ చేతికి రాదు. ఈ కారులో 2021లో 79 వేలు, 2023లో 84 వేలు, పాటనాటికి 86 వేలు. క్రమం సరిపోయింది. కాగితం మీద "సోకో ఫుమెయ్" అని ఉంటే మైలేజీ తెలియదని వాళ్లే ఒప్పుకున్నట్టు, ధర ఆ మేరకే పెట్టాలి.

డబ్బు లెక్క

పాట 42 లక్షల యెన్ దగ్గర నిలిచింది. వేలం రుసుము, ఏజెంటు కమిషన్, యార్డుకు రవాణా, ఎగుమతి కాగితాలు కలిపి మరో 2.1 లక్షలు. డాలరుకు 150 యెన్ చొప్పున మొత్తం 29,400 డాలర్లు. గాల్వెస్టన్‌కు రో-రో ఓడలో (కార్లను నడిపి ఎక్కించే ఓడ) రవాణా, ఇన్సూరెన్స్ 1,900. కస్టమ్స్ సుంకం 2.5 శాతం, అంటే 735. మర్చండైజ్ ప్రాసెసింగ్ ఫీజు 0.3464 శాతం, 102. హార్బర్ నిర్వహణ ఫీజు 0.125 శాతం, 37. బ్రోకరు, బాండు, రేవు ఖర్చులు 850. ఫ్రిస్కోకు ట్రక్కు 450. ఇంటి ముందు దిగేసరికి 33,474 డాలర్లు. ఈ కారు 2025 మొదట్లోనే దిగింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి సుంకాలు మారుతూ వచ్చాయి, కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లు పాత బిల్లులు చూసి లెక్క వేసుకోకుండా పాట పెట్టే వారంలోనే కస్టమ్స్ బ్రోకరుతో రాతపూర్వకంగా అంచనా తీసుకోవాలి.

ఆ తర్వాత ఇంజన్ ఓవర్‌హాల్ 9,800, వ్యాక్యూమ్ హోసులు, సొలెనాయిడ్లు 1,150, తుప్పు పని 2,600, టైర్లు, బ్రేకులు 1,400. అన్నీ కలిపి 48,424.

ఏజెంటు ఇచ్చే బిల్లులో చూడాల్సినవి రెండున్నాయి. వేలంలో పాట మీద పడే 10 శాతం వినియోగ పన్ను ఎగుమతిదారుకు తిరిగొస్తుంది, దాన్ని మీ మీద వేయకూడదు. 2005 నుంచి అమల్లో ఉన్న రీసైక్లింగ్ డిపాజిట్ కూడా ఎగుమతి మీద వాపసు వస్తుంది. వేలం హౌస్ ఇచ్చిన అసలు ఇన్‌వాయిస్ చూపిస్తానని ముందే ఒప్పుకున్న ఏజెంటుతోనే పని పెట్టుకోవడం మంచిది. చూపించనంటే పాట ఎక్కడ నిలిచిందో మీకు ఎప్పటికీ తెలియదు.

ఫిర్యాదు ఎందుకు నిలవలేదు

కొన్నాయన కంప్రెషన్ అంకెలు పంపి డబ్బు వాపసు అడిగారు. వేలం నియమాల ప్రకారం ఫిర్యాదు హక్కు గెలిచిన సభ్యుడిది, అంటే ఏజెంటుది. దాని గడువు రోజుల్లో ఉంటుంది, ఓడ ప్రయాణం వారాల్లో ఉంటుంది. పైగా ఇంత పాత కారుకు, అందులో మార్పులు చేసినదానికి, ఇంజన్ లోపాల మీద ఫిర్యాదు స్వీకరించరు. షూఫుకురేకి దాచడం, మైలేజీ తప్పు చెప్పడం లాంటివైతే కొంత ఆశ ఉంటుంది, అదీ గడువులోపు.

కాబట్టి పాట గెలిచాక ఓడ ఎక్కించే లోపు ఉన్న ఆ కొద్ది రోజులే విలువైనవి. కారును యార్డు నుంచి దగ్గర్లోని రోటరీ షాపుకు తీసుకెళ్లి కంప్రెషన్ కొలిపించాలి. లోపం బయటపడితే వాపసు రాకపోవచ్చు. కానీ ఇంజన్ అక్కడే ఓవర్‌హాల్ చేయించాలా, ఇక్కడికి తెచ్చుకుని చేయించాలా అన్నది తెలిసి నిర్ణయించుకోవచ్చు. రోటరీ పని తెలిసిన చేతులు, విడిభాగాలు జపాన్‌లో దొరికినంత సులువుగా టెక్సస్‌లో దొరకవు. అక్కడ చేయించిన పని విలువ కస్టమ్స్‌కు చూపే ధరలో కలపాలి, అది దాచకండి. పాటకు ముందే కంప్రెషన్ షీట్ కావాలంటే వేలం వదిలేసి, అలాంటి షీటుతో అమ్మే జపాన్ రోటరీ షాపుల దగ్గర కొనాలి. ధర ఎక్కువే. ఎఫ్‌డీ విషయంలో ఆ ఎక్కువ పెట్టడమే నయం.

కాగితాలు, రాష్ట్రం

అమెరికాలో భద్రతా ప్రమాణాల మినహాయింపుకు కారు తయారై 25 ఏళ్లు నిండాలి. మోడల్ సంవత్సరం కాదు, తయారీ నెల చూస్తారు. జపాన్ ఎగుమతి సర్టిఫికెట్ మీద ఉండేది మొదటి రిజిస్ట్రేషన్ నెల మాత్రమే. రిజిస్ట్రేషన్ నాటికి 25 నిండితే తయారీకీ నిండినట్టే, ఇబ్బంది లేదు. అంచున ఉన్న కారైతే తయారీదారు రికార్డు కావాలి. సీటు బెల్టు మొదట్లో కుట్టిన చీటీ మీది తేదీ కూడా సాయపడుతుంది. ఈ భద్రతా మినహాయింపుకు హెచ్ఎస్-7 ఫారంలో ఒకటో గడి, కాలుష్య మినహాయింపుకు 3520-1 ఫారంలో ఇంగ్లిష్ E అక్షరం కోడ్ పెట్టాలి. కాలుష్య మినహాయింపు 21 ఏళ్లకే వస్తుంది. ఐఎస్ఎఫ్, అంటే కస్టమ్స్‌కు ముందే పంపాల్సిన దిగుమతి వివరాలు, ఆలస్యంగా దాఖలు చేస్తే 5,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు, ఓడ ఖరారయ్యేలోపే బ్రోకరును పెట్టుకోవాలి.

టెక్సస్‌లో ఇరవై నాలుగేళ్లు దాటిన కారుకు ఎమిషన్ పరీక్ష లేదు. కాలిఫోర్నియా అలా కాదు. కేంద్రం అనుమతించినా రాష్ట్రం ఉన్నదున్నట్టుగా అనుమతించదు. 1976, ఆ తర్వాతి కారుకు అక్కడి ప్రయోగశాలలో మార్పులు, పరీక్ష తప్పవు, దానికి వేల డాలర్లవుతాయి. ఫ్రీమాంట్‌లో ఉండి టెక్సస్ ధరలు చూసి లెక్క వేసుకోకూడదు. ఛాసిస్ నంబరు 17 అంకెలు కాకపోవడంతో రిజిస్ట్రేషన్ కౌంటర్లోనూ, ఇన్సూరెన్స్ వెబ్‌సైట్లోనూ ఇరుక్కుంటుంది. పాత కార్లకు ముందే ఒప్పుకున్న విలువ మీద పాలసీ ఇచ్చే కంపెనీతో ఫోన్లోనే మాట్లాడాలి. హెడ్‌లైట్లు కూడా మార్చాలి: జపాన్ కారు డిమ్ లైట్ ఎడమకు వంగుతుంది, అమెరికా రోడ్డు మీద అది సూటిగా ఎదుటి డ్రైవర్ కళ్లలో పడుతుంది.

హైదరాబాద్‌కో విజయవాడకో తెప్పించుకోవచ్చా అన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. భారత్‌కు వాడిన కారు దిగుమతి చేసుకోవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, ముంబై పోర్టులోనే దిగాలి. 1999 ఆర్ఎక్స్-7కు ఆ దారి మూసి ఉంది.

ఇంజన్ ఎలా కట్టారు

ఎపెక్స్ సీళ్లు రోటర్‌కు మూడు చొప్పున ఆరు, సైడ్ సీళ్లు పన్నెండు, కార్నర్ సీళ్లు పన్నెండు, స్ప్రింగులన్నీ, కూలెంట్, ఆయిల్ ఓ-రింగులన్నీ కొత్తవి. వెనక రోటర్ హౌసింగ్ కొత్తది, వెనక రోటర్ వాడినదే కొలిచి ఎంచుకున్నది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద అల్లుకుపోయిన వ్యాక్యూమ్ హోసులు ఇన్నేళ్ల వేడికి బిస్కెట్లలా విరిగాయి, మొత్తం సిలికాన్ హోసులు వేశారు. పెట్రోల్ ఒత్తిడి ఊగకుండా ఆపే పల్సేషన్ డ్యాంపర్ కూడా మార్చారు. అది పగిలితే పెట్రోల్ వేడి ఇంజన్ మీద కారి కారు తగలబడుతుంది, ఎఫ్‌డీలో ఇది ఎరిగిన జబ్బే. రెండో టర్బో టర్బైన్ రెక్కల్లో ఒకటి అంచున గీరుకుంది కానీ షాఫ్ట్ వదులు కాలేదు, ఉంచేశారు. డ్యాష్‌లోని వాటర్ టెంపరేచర్ ముల్లు ఇంజన్ బాగా వేడెక్కేదాకా మధ్యలోనే నిలబడుతుంది, అందుకని వేరే గేజి బిగించారు.

మొదటి వెయ్యి మైళ్లు 4,000 ఆర్‌పీఎం దాటకుండా, బూస్ట్ జోలికి పోకుండా నడిపారు. ఆ తర్వాత కొలిస్తే ముందు రోటర్ 8.4, 8.3, 8.4, వెనక రోటర్ 8.5, 8.3, 8.4. బూస్ట్ ముల్లు లేచి, 4,500 దగ్గర కాస్త దిగి, మళ్లీ లేచింది. బూస్ట్ కంట్రోలర్‌ను తిరిగి బిగించలేదు.